సగంలో ఆపిన బీటెక్, టెక్సస్‌లో లెక్కకొచ్చిన క్రెడిట్లు

2021లో జేఎన్‌టీయూ కాకినాడకి అనుబంధంగా ఉన్న ఒక కాలేజీలో సీఎస్‌ఈలో చేరాను. 2023 వేసవిలో రెండో సంవత్సరం పరీక్షలు రాసి, అమ్మ, తమ్ముడితో కలిసి డాలస్ పక్కన ప్లానోలో ఉంటున్న నాన్న దగ్గరికి వచ్చేశాను. నాన్నది హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా, మాకు ఆయన మీద ఆధారపడ్డవాళ్లకిచ్చే హెచ్-4. "ఇంకో రెండేళ్లు హాస్టల్లో ఉంటే డిగ్రీ చేతికొస్తుంది కదే, అప్పుడు వెళ్లు" అని అమ్మమ్మ బతిమాలింది. కానీ హెచ్-4 వీసా పిల్లలకి 21 ఏళ్లు నిండేదాకానే. బీటెక్ అయ్యేసరికి నాకు ఆ వయసు దాటుతుంది, ఇక నాన్న వీసా మీద రావడం కుదరదు. అందుకే చదువు మధ్యలో ఉన్నా బయల్దేరాల్సి వచ్చింది.

మాలాగే ఆంధ్ర, తెలంగాణ నుంచి డిగ్రీ మధ్యలో అమెరికా వచ్చే పిల్లలు డాలస్ చుట్టుపక్కల చాలామందే కనిపిస్తారు. వాళ్లందరూ మొదట అడిగేది ఒక్కటే, "మన క్రెడిట్లు (ఒక్కో కోర్సు పాసైనందుకు డిగ్రీ లెక్కలో పడే పాయింట్లు) తీసుకుంటారా?" అని. తీసుకుంటారు. అయితే తీసుకోవడం వేరు, డిగ్రీలో కలపడం వేరు. నా రెండేళ్ల చదువులో 54 క్రెడిట్లు "అంగీకరించాం" అని యూనివర్సిటీ రాసింది. అందులో నా కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి నిజంగా పనికొచ్చినవి మొదట 12 మాత్రమే. మిగతావి రికార్డులో పేరుకి ఉన్నాయి, అంతే. ఆ 12ని 24 చేసుకోవడానికి పడ్డ శ్రమే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. ఆ పని మనం పూనుకుంటే తప్ప జరగదు, దానికి కావలసిన కాగితాలేమో ఇండియాలో ఉంటాయి.

కాగితాల దగ్గరే మొదటి గండం. చదువు మానేస్తున్నానని చెప్పగానే మా కాలేజీ వాళ్లు, మిగిలిన రెండేళ్ల ఫీజు మొత్తం కడితేనే టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్, టీసీ ఇస్తామన్నారు. ఈ మాట విని ఎందరు తల్లిదండ్రులు అప్పు చేసి కట్టేస్తారో తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. మా బాబాయ్ దాన్ని ప్రింట్ తీసి ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెట్టి, గొంతు పెంచకుండా మాట్లాడారు. "సార్, అమ్మాయి చదివిన రోజులకి బాకీ ఉంటే చెప్పండి, ఇప్పుడే కడతాను. చదవని రోజులకి ఎలా కట్టమంటారు?" అన్నారు. వారం తిరక్కుండా సర్టిఫికెట్లు వచ్చాయి. గట్టిగా అడిగేవాళ్లు లేని ఇళ్లకి ఇది ఇంత తేలిగ్గా తెమలదని నాకు తెలుసు. అందుకే ఆ నోటిఫికేషన్ సంగతి కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతుంటాను.

సెమిస్టర్ మెమోలు మన దగ్గర ఉంటాయి కదా, అవి సరిపోతాయి అనుకుంటారు చాలామంది. సరిపోవు. అమెరికాలో అడిగేది ట్రాన్స్‌క్రిప్ట్, అంటే చదివిన సబ్జెక్టులు, మార్కులన్నీ ఉండే అధికారిక పత్రం. అది యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి రావాలి, కవరు అతికించిన చోట సీలు, సంతకం ఉండాలి, నేరుగా వాళ్లకే చేరాలి. విద్యార్థి చేతి మీదుగా వెళ్లిన కవరు చెల్లదు. నేను డబ్ల్యూఈఎస్ అనే మూల్యాంకన సంస్థ దగ్గర ముందుగా అకౌంటు తెరిచి, వాళ్లిచ్చిన రిఫరెన్స్ నంబరు, ఫారం పట్టుకుని దరఖాస్తు పెట్టాను. ఆ నంబరు కవరు మీద ఉండాలి, లేకపోతే వచ్చిన కవరు ఎవరిదో వాళ్లకి తెలియదు. మామూలు రిపోర్టు కాకుండా సబ్జెక్టువారీ రిపోర్టు తీసుకోవాలి. దానికి ఫీజు ఎక్కువే, కానీ క్రెడిట్ల కోసమైతే ఇంకోటి పనికిరాదు. ఏ సంస్థ రిపోర్టు ఒప్పుకుంటారో మీరు చేరబోయే యూనివర్సిటీని ముందే అడగండి. ఎన్‌ఏసీఈఎస్ అనే సంఘంలో సభ్యత్వం ఉన్న సంస్థలనే చాలా యూనివర్సిటీలు నమ్ముతాయి.

రిపోర్టు వచ్చినప్పుడు ఇంట్లో పండగే. దాదాపు 60 క్రెడిట్లు అని ఉంది, గ్రేడ్లు కూడా బాగా వచ్చాయి. టెక్సస్‌లో బ్యాచిలర్స్ డిగ్రీకి మామూలుగా 120 కావాలి కాబట్టి సగం అయిపోయింది అనుకున్నాం. యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ అడ్వైజర్ డిగ్రీ ప్లాన్ (డిగ్రీకి ఏ కోర్సులు పూర్తవ్వాలో గడులుగా చూపే పట్టిక) తెరిచి చూపించాక ఆ సంతోషం నిలవలేదు. మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లిష్ పక్కన అన్నీ ఖాళీ గడులే.

ఎందుకో అర్థం చేసుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక మాత్రం, ఈ సంగతి బీటెక్ చదివే ప్రతి ఒక్కరికీ ముందే తెలిసుండాల్సింది అనిపించింది. లిమిట్స్, డెరివేటివ్స్, ఇంటిగ్రేషన్ మనం ఇంటర్‌లోనే రుబ్బేస్తాం. బీటెక్ మ్యాథ్స్-1 ఆ పైనుంచి మొదలవుతుంది. మీన్ వాల్యూ థీరమ్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, పార్షియల్ డిఫరెన్షియేషన్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్ అన్నీ ఒకే పేపర్లో ఉంటాయి. అమెరికాలో అవి రెండు మూడు కోర్సుల్లో చెదిరి ఉంటాయి. మన పేపర్ ఏ ఒక్క కోర్సుకీ పూర్తిగా సరిపోదు. ఇక వాళ్ల క్యాల్క్యులస్-1లో ఉండేదంతా మన ఇంటర్ సిలబస్, కానీ ఇంటర్ అంటే వాళ్ల లెక్కలో హైస్కూల్. దానికి కాలేజీ క్రెడిట్ ఉండదు. ఫిజిక్స్‌ది కూడా ఇదే కథ. వాళ్లకి కావలసింది మెకానిక్స్. మన అప్లైడ్ ఫిజిక్స్‌లో ఇంటర్‌ఫెరెన్స్, డిఫ్రాక్షన్, లేజర్లు, సెమీకండక్టర్లు ఉంటాయి. మెకానిక్స్ ఇంటర్ ఫస్టియర్‌లోనే అయిపోయింది మరి.

ఇది న్యాయం కాదని నేను ఇప్పటికీ అనుకుంటాను. పై మెట్టు ఎక్కిన వాళ్లని కింది మెట్టు చూపించమంటున్నారు. కానీ వాళ్ల పద్ధతి అది. క్రెడిట్ ఇచ్చేది తెలివికి కాదు, ఫలానా కోర్సులో ఫలానా పాఠాలు కాలేజీలో చదివినట్టు ఉన్న రుజువుకి. ఈ సంగతి బోధపడ్డాక నా పని సులువైంది. ఏ గడికి ఏ రుజువు చూపించగలనో చూసుకోవడం, చూపించలేనివి వేరే దారిలో నింపుకోవడం, అంతే.

చూపించలేనివాటిలో పెద్దది టెక్సస్ కోర్, అంటే ఏ డిగ్రీ చదివినా తప్పని ఉమ్మడి కోర్సులు. ఇక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీ చదివే ప్రతివాళ్లూ 42 క్రెడిట్ల కోర్ పూర్తి చెయ్యాలి. అందులో 6 క్రెడిట్లు అమెరికా చరిత్ర, 6 క్రెడిట్లు అమెరికా, టెక్సస్ ప్రభుత్వాల గురించి. ఇవి రాష్ట్ర చట్టంలోనే ఉన్నాయి, కాబట్టి ఏ అడ్వైజరూ మినహాయింపు ఇవ్వలేరు. ఇండియా నుంచి ఇవి ఎలాగూ రావు. ఇంగ్లిష్ కాంపొజిషన్ కూడా విదేశాల్లో చదివింది మా యూనివర్సిటీ ఒప్పుకోలేదు.

అక్కడే అడ్వైజర్ ఒక మంచి మాట చెప్పారు. ఈ కోర్స్‌లన్నీ కమ్యూనిటీ కాలేజీలో, అంటే డిగ్రీ మొదటి రెండేళ్ల కోర్సులు చెప్పే స్థానిక కాలేజీలో చెయ్యి, ఫీజు చాలా తక్కువ, పైగా కోర్ మొత్తం ఒక చోట పూర్తిచేసి వస్తే టెక్సస్‌లో ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా దాన్ని విడదీయకుండా గంపగుత్తగా తీసుకోవాల్సిందే అని. సగం సగం చేసి వస్తే మళ్లీ ఒక్కో కోర్సుకీ లెక్కలు మొదలవుతాయి. ఇంకో మేలు ఏమిటంటే టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ ఉమ్మడి కోర్సు నంబర్లు ఉన్నాయి. ఇంగ్లిష్ 1301, హిస్టరీ 1301, గవర్నమెంట్ 2305, మ్యాథ్ 2414 అంటే ఏ కమ్యూనిటీ కాలేజీలో అయినా అదే పాఠం. మొదటి అంకె ఏ సంవత్సరం స్థాయో చెబుతుంది, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. క్యాల్క్యులస్-1 నంబరు 2413. రెండో అంకె 4. మా మ్యాథ్స్-1కి ఉన్నవి 3 క్రెడిట్లు. పాఠాలు కలిసినా అక్కడ ఇంకో క్రెడిట్ తగ్గేదన్నమాట.

"కమ్యూనిటీ కాలేజీనా? బీటెక్ చదివిన పిల్లని అక్కడ చేర్పిస్తారా?" అని తెలిసినవాళ్లు అమ్మతో అన్నారు. అమ్మ కొన్నాళ్లు దిగులుపడింది. మనవాళ్లలో కమ్యూనిటీ కాలేజీ అంటే మార్కులు రానివాళ్లు వెళ్లే చోటన్న అభిప్రాయం గట్టిగా నాటుకుపోయింది. నా క్లాసులో పగలు ఆస్పత్రిలో పనిచేసి సాయంత్రం వచ్చే తల్లులు, సైన్యం నుంచి వచ్చినవాళ్లు, హైస్కూల్ అయిపోగానే డబ్బు ఆదా చేసుకుందామని వచ్చిన చురుకైన పిల్లలు ఉన్నారు. క్లాసుకి పాతిక మంది, ప్రొఫెసర్‌కి అందరి పేర్లూ తెలుసు. నేను అక్కడ చదివినందుకు గర్వపడతాను. నాన్న అప్పటికే మూడేళ్లకి పైగా టెక్సస్‌లో ఉంటున్నారు కాబట్టి, హెచ్-4 మీద ఉన్న నాకు రెసిడెంట్ ఫీజే (ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకి వేసే తక్కువ ఫీజు) పడింది. టెక్సస్‌లో హెచ్-4 వాళ్లకి ఈ వీలుంది, కానీ కాలేజీ వాళ్లు తమంతట తాముగా చెప్పకపోవచ్చు. నాన్న ఇంటి అగ్రిమెంటు, పన్ను కాగితాలు, జీతం స్లిప్పులు పెట్టి మేమే అడిగాం.

గవర్నమెంట్ 2306 అనే టెక్సస్ ప్రభుత్వం కోర్సు ఇష్టం లేకుండానే మొదలుపెట్టాను. కోడింగ్ చదవాల్సిన పిల్లకి టెక్సస్ రాజ్యాంగం ఎందుకు అనిపించింది. మా వీధిలో స్కూల్ బోర్డు ఎన్నికలకి బోర్డులు ఎందుకు పెట్టారో, మా ఇంటి ఓనరు ఆస్తి పన్ను గురించి ఎందుకు అంత బాధపడుతున్నారో ఆ క్లాసులోనే తెలిసింది. ఉంటున్న ఊరు అర్థమైంది. ఇంగ్లిష్ 1301లో నేర్చుకున్న వ్యాసరచన, ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పి రాసే అలవాటు నాకు బీటెక్‌లో ఎవరూ నేర్పలేదు. వీటికి పట్టిన కాలాన్ని నేను నష్టం కింద రాసుకోలేదు.

ఇక రుజువు చూపించగలిగినవి. సీ ప్రోగ్రామింగ్‌కి మొదట్లోనే క్రెడిట్ వచ్చింది. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, డిజిటల్ లాజిక్, ప్రాబబిలిటీ మాత్రం ఊరికే ఎలెక్టివ్స్ (డిగ్రీకి తప్పనిసరి కాని కోర్సులు) కింద పడేశారు. ఒక్కోదానికీ డిపార్ట్‌మెంట్‌లో పిటిషన్ పెట్టుకోవచ్చని అడ్వైజర్ చెప్పారు. దానికి సిలబస్ కావాలి. వెబ్‌సైట్‌లో దొరికే సిలబస్ కాపీ కాకుండా నేను చదివిన ఆర్-20 రెగ్యులేషన్‌ది (మా బ్యాచ్‌కి వర్తించే సిలబస్), ప్రతి పేజీ మీద కాలేజీ స్టాంపుతో. మళ్లీ బాబాయే హెచ్‌ఓడీ గారి దగ్గరికి వెళ్లి స్టాంపులు వేయించి స్కాన్ చేసి పంపారు. ఆయన చేసిన సాయం మాటల్లో చెప్పలేను.

మన సిలబస్ పేజీ చూసినవాళ్లకి తెలుసు, అందులో అయిదు యూనిట్లు, ఒక్కో యూనిట్‌కి నాలుగైదు లైన్లు, చివర టెక్స్ట్‌బుక్కులు ఉంటాయి. ఏ యూనిట్ ఎన్ని గంటలు చెప్పారు, ఎన్ని అసైన్‌మెంట్లు, విద్యార్థి ఏం చేసి చూపించాలి అన్నవి ఉండవు. ఇక్కడి సిలబస్‌లో వారం వారం ఏం చెబుతారో, దేనికి ఎన్ని మార్కులో అన్నీ రాసి ఉంటాయి. డేటా స్ట్రక్చర్స్ పిటిషన్ చూసిన ప్రొఫెసర్ గారికి వచ్చిన సందేహం అదే. "లింక్డ్ లిస్టులు, ట్రీలు అని పేర్లు ఉన్నాయి, కానీ నువ్వు వీటిని రాశావా, చదివి వదిలేశావా?" అని అడిగారు.

నా దగ్గర ల్యాబ్ రికార్డు ఉంది. సూట్‌కేసు బరువు ఎక్కువైందని అమ్మ తీసేయబోతే, చేత్తో రాసినవని మనసొప్పక తెచ్చుకున్నాను. ఆయన ముందు పెట్టాను. మొదటి పేజీలో ఇండెక్సు. వరస నంబరు, ప్రయోగం పేరు, తేదీ, పేజీ, మార్కులు, చివర మేడమ్ గారి ఎర్ర ఇంకు సంతకం. లోపల కుడి పేజీలో ప్రోగ్రాం మొత్తం చేత్తో, ఎడమ పేజీలో అవుట్‌పుట్. స్టాక్, క్యూ, లింక్డ్ లిస్ట్, బైనరీ సెర్చ్ ట్రీ, గ్రాఫ్ ట్రావర్సల్స్. ఆయన ట్రీలో నోడ్ తీసేసే ప్రోగ్రాం దగ్గర ఆగి, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివారు. ఇద్దరు పిల్లలున్న నోడ్‌ని తీసేస్తే ఏమవుతుందో బోర్డు మీద వెయ్యమన్నారు. వేశాను. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, ఫారం మీద సంతకం పెట్టారు. "ఇవన్నీ చేత్తో రాయించారా!" అని రికార్డు మళ్లీ తిరగేశారు. మా మేడమ్ గారు ఆ రోజు గుర్తొచ్చారు. కొట్టివేతలు ఉంటే పేజీ మళ్లీ రాయించేవారావిడ. ఆ పట్టుదల నాకు మూడు క్రెడిట్లు తెచ్చిపెట్టిందని ఆవిడకి మెసేజ్ పెట్టాను.

అలా ఆ నాలుగు సబ్జెక్టులూ డిగ్రీలోకి వచ్చాయి. 12 కాస్తా 24 అయ్యాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లకి మాత్రం ఇవ్వలేదు. మనం రెండో ఏడాది చదివేసే ఈ సబ్జెక్టులు ఇక్కడ మూడు, నాలుగు సంవత్సరాల స్థాయి కోర్సులు. రెండో ఏడాది చదువుకి పై స్థాయి క్రెడిట్ ఇవ్వమని చెప్పేశారు. లీనియర్ ఆల్జీబ్రా కూడా పోయింది, మా మ్యాథ్స్-2 పేపర్లో అది సగమే, మిగతా సగం న్యూమరికల్ మెథడ్స్. క్యాల్క్యులస్-1ని క్లెప్ పరీక్షతో గట్టెక్కించాను. కాలేజ్ బోర్డ్ వాళ్లు పెట్టే పరీక్ష అది, 20 నుంచి 80 దాకా స్కోరు ఇస్తారు, 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చన్నది సిఫారసు, మా యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంది. ఇంటర్ లెక్కలు మర్చిపోనివాళ్లకి ఇంతకంటే మంచి దారి లేదు. ఒక సెమిస్టర్ కోర్సు ఒక్క పరీక్షతో తేలిపోతుంది. ఎంపీసీ చదివి వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు ఈ పరీక్ష గురించి కనుక్కోండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. "బీటెక్ సంగతి ఎత్తకుండా ఇంటర్ మెమో ఒక్కటే పెట్టి ఫ్రెష్‌మన్‌గా (మొదటి ఏడాది విద్యార్థిగా) చేరిపో, స్కాలర్‌షిప్పులు కూడా వస్తాయి" అని ఒకరు సలహా ఇచ్చారు. దరఖాస్తులో ఇంతకుముందు చదివిన కాలేజీలన్నీ రాయమని స్పష్టంగా అడుగుతారు, కింద సంతకం పెట్టించుకుంటారు. దాచిపెట్టి బయటపడితే అడ్మిషన్ పోతుంది, వీసా మీద ఉన్నవాళ్లకి ఆ ముప్పు ఇంకా పెద్దది. ఆ దారిలోకి ఎవరూ పోకండి.

మన మార్కులు ఇక్కడి జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో కలవవు. క్రెడిట్ వస్తుంది గానీ గ్రేడ్ రాదు. యూనివర్సిటీలో మొదటి సెమిస్టర్ మార్కులే మొత్తం జీపీఏ అవుతాయి కాబట్టి, ఆ సెమిస్టర్‌లో కష్టమైన కోర్సులన్నీ ఒకేసారి తీసుకోకుండా ఉంటే మంచిది. ఎన్ని క్రెడిట్లు తెచ్చుకున్నా డిగ్రీలో కనీసం 25 శాతం ఆ యూనివర్సిటీలోనే చదవాలన్నది టెక్సస్ కాలేజీలకి గుర్తింపునిచ్చే ఎస్‌ఏసీఎస్‌సీఓసీ నియమం. కొన్ని యూనివర్సిటీలు ఇంకా ఎక్కువే అడుగుతాయి.

2025 ఆరంభంలో కోర్ పూర్తిచేసుకుని యూనివర్సిటీలో అడుగుపెట్టాను. 21 నిండేలోపు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారం తీసుకుని ఎఫ్-1 అనే విద్యార్థి హోదాకి మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టాం. ఆ నెలల టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. ఎఫ్-1 మీద ప్రతి సెమిస్టర్ కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి, అందుకని చివరి సెమిస్టర్ దాకా కోర్సులు ఎలా పంచుకోవాలో అడ్వైజర్‌తో ముందే కూర్చుని రాసుకున్నాను.

ఈ ఏడాది మా పిన్ని కూతురు కూడా బీటెక్ రెండో ఏడాది మధ్యలో వాళ్ల నాన్న దగ్గరికి వస్తోంది. దానికి ఫోన్‌లో చెప్పినవే ఇక్కడా చెబుతున్నాను. ట్రాన్స్‌క్రిప్ట్ దరఖాస్తు విమానం ఎక్కకముందే పెట్టించుకో, సీలు వేసిన కవర్లు ఒకటికి రెండు అడుగు. రాసిన ప్రతి సబ్జెక్టుకీ నీ రెగ్యులేషన్ సిలబస్ స్టాంపులతో తీసుకో, క్రెడిట్లు లేని ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, కాన్‌స్టిట్యూషన్‌తో సహా. ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లు, మిడ్ పేపర్లు పారెయ్యకు, బరువైతే బట్టలు తగ్గించుకో. ఇక్కడికి వచ్చాక "ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారు" అని అడగొద్దు, "నా డిగ్రీ ప్లాన్‌లో ఏ గడిలో ఏ కోర్సు పడుతుంది" అని అడిగి ఈమెయిల్‌లో రాయించుకో. అది వచ్చేవారం కాకినాడ వెళ్తానంటోంది, బాబాయ్‌ని తోడు పంపిస్తున్నాం.